రౌతు కొద్దీ గుర్రం అన్నారు. మరి రౌతుకే భయమైతే?

ప్రశ్న: నా వయసు 39. మాది భీమవరం దగ్గర పల్లె. పద్నాలుగేళ్ళుగా ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో ఉంటున్నాను. నాలుగేళ్ళ క్రితం గుర్రపుస్వారీ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ట్రాట్ (చిన్న పరుగు), కాంటర్ (దౌడుకన్నా నెమ్మదైన పరుగు) వచ్చు. 60 సెంటీమీటర్ల ఎత్తు అడ్డుకర్రలు దూకగలను గాని, ముందు రోజు రాత్రి నిద్ర పట్టదు. నిరుడు వసంతంలో పొలాల వెంట వెళ్తుంటే ముందున్న గుర్రాలు పరుగందుకున్నాయి, నా గుర్రం కూడా వాటి వెంట లంఘించింది, మలుపులో నేను పడిపోయాను. ఎముకలు విరగలేదు కాని, అప్పటినుంచి ఆరుబయట కాంటర్ అంటేనే గుండె దడదడలాడుతోంది. మా గుర్రపుశాలలోని స్నేహితురాలు ఈ శరదృతువులో తనతో హంటింగుకు, అంటే హౌండ్లనే వేటకుక్కల వెంట గుంపుగా గుర్రాల మీద వెళ్ళడానికి, రమ్మంటోంది. ‘ఒకసారి వస్తే భయం అదే పోతుంది’ అంటోంది. నాకూ వెళ్ళాలని ఉంది. నేను ఎప్పుడూ ఎక్కే గుర్రాన్నే ఆ రోజుకు అద్దెకిస్తామంటున్నారు. గుర్రం చెయ్యి దాటితే ఏం చేయాలి? దూకలేకపోతే నవ్వుతారా? అన్నిటికీ మించి, అక్కడ నిజంగా ఏ జంతువునూ చంపరు కదా?

సమాధానం: మీరు తప్పకుండా వెళ్ళవచ్చు, కాని మీ స్నేహితురాలు చెబుతున్న తీరులో వెళ్ళవద్దు. ఆమె మాట మంచి మనసుతో అన్నదే. అయినా నలభై యాభై గుర్రాలు ఒక్కసారిగా కదిలే చోట భయం దానంతట అది పోదు. అక్కడ గుర్రం ఒక్కసారి మాట వినడం మానేసిందంటే ఉన్న భయం మరింత ముదురుతుంది. నేను కూడా పన్నెండేళ్ళ క్రితం ఇలాంటి పిలుపే అందుకొని, అంతకుముందు ముఖమైనా చూడని గుర్రాన్ని అద్దెకు తీసుకొని, నడిచలికాలంలో, వేగానికి పేరుపడిన ఒక గుంపుతో బయలుదేరాను. మొదటి పొలం దాటేసరికే పగ్గాలు చేతిలో ఉన్నాయన్న మాటే గాని గుర్రం నా అధీనంలో లేదు. ఆ ఇరవై నిమిషాల్లో నాకు గుర్తున్నవి కళ్ళ ముందు ఎగిరిన జూలు, నోట్లో పడిన బురద, అంతే. పడలేదు గాని, ఆ తరువాత రెండు శీతాకాలాలు ఆ వైపు తొంగిచూడలేదు. తిరిగి మొదలుపెట్టినప్పుడు నా ధైర్యం ఏమీ పెరగలేదు. ఏ గుంపుతో వెళ్ళాలో, ఏ గుర్రం మీద వెళ్ళాలో, పక్కన ఎవరు ఉండాలో నేనే ఎంచుకున్నాను. మీకు చెప్పదలచుకున్నది కూడా ప్రధానంగా అదే.

మీరు చివర అడిగిన ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే గుంపును ఎంచుకోవడం దానిమీదే ఆధారపడి ఉంది. మన కోస్తాలో పడవ ఎక్కి చేపలకు వెళ్ళినా ‘వేటకు వెళ్ళారు’ అంటాము, జాతరలో మేకపోతును కొట్టినా ‘వేట వేశారు’ అంటాము, కనుక వేట అన్న మాట వినగానే ప్రాణం తీయడమే మనకు స్ఫురిస్తుంది. మన దేశంలోనూ ఆంగ్లేయులు ఫాక్స్‌హౌండ్లను (నక్కలను తరిమే వేటకుక్కలను) తెచ్చి, ఊటీ దగ్గర వెన్లాక్ డౌన్స్ పచ్చిక మైదానాల్లో నక్కల వెంట గుర్రాలను దౌడు తీయించారు. ఇంగ్లండులోనూ శతాబ్దాలపాటు అదే జరిగింది. మీరుంటున్న లెస్టర్‌షైర్ ఆ సంప్రదాయానికి పుట్టిల్లు వంటిది. 18వ శతాబ్దంలో క్వార్న్ హంట్‌ను నడిపిన హ్యూగో మేనెల్ అక్కడే వేగంగా పరిగెత్తే హౌండ్లను వృద్ధి చేశారు. క్వార్న్, బెల్వాయిర్ (దీనిని బీవర్ అని పలుకుతారు), కాటెస్‌మోర్ గుంపుల పొలిమేరలు కలిసే చోట ఉండడం వల్లనే మెల్టన్ మోబ్రే పట్టణానికి అంత పేరు వచ్చింది.

2004 హంటింగ్ చట్టం 2005 ఫిబ్రవరి 18న అమల్లోకి వచ్చిన నాటినుంచి ఇంగ్లండులోను వేల్స్‌లోను, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, కుక్కలతో అడవి జంతువులను వేటాడడం నేరం. ఆ తరువాత పాత గుంపులు చాలా వరకు ట్రెయిల్ హంటింగ్‌కు మారాయి. ఒక మనిషి ముందుగా వెళ్ళి వాసన పట్టించిన గుడ్డను నేల మీద ఈడ్చుకుంటూ పోతాడు, హౌండ్లు ఆ జాడను పట్టుకొని వెళ్తాయి, రౌతులు వాటిని అనుసరిస్తారు. చిక్కేమిటంటే, అక్కడ వాడేది తరచుగా నక్క వాసనే. దారిలో నిజమైన నక్క లేస్తే హౌండ్లు దాని వెంట పడే అవకాశం ఉంది. ఇది పొరపాటుగా జరుగుతోందా, కావాలని జరగనిస్తున్నారా అన్న వివాదం ఈనాటికీ తెగలేదు. 2021లో నేషనల్ ట్రస్ట్ (చారిత్రక స్థలాలను, భూములను కాపాడే సంస్థ) సభ్యులు తమ భూముల్లో ట్రెయిల్ హంటింగ్ వద్దని ఓటు వేశారు, ట్రస్ట్ కూడా లైసెన్సులు ఇవ్వడం ఆపేసింది. 2024 ఎన్నికల ప్రణాళికలో లేబర్ పార్టీ దానిని నిషేధిస్తామని ప్రకటించింది. కనుక మీ స్నేహితురాలు ఏ గుంపుతో వెళ్తున్నారో, అది ఏ రకం వేటో, ఆ నాటికి చట్టం ఏమంటోందో ముందుగా అడిగి తెలుసుకోండి. అలా అడగడం మర్యాదకు భంగమేమీ కాదు.

ప్రాణహాని జరగదన్న నిశ్చింత కావాలన్నా, భయపడే రౌతుకు అనువైన రోజు కావాలన్నా నేను నిస్సంకోచంగా సూచించేది బ్లడ్‌హౌండ్ల గుంపును. అక్కడ ముందు పరిగెత్తేది మనిషి. ఒకరిద్దరు పరుగుగాళ్ళు ముందుగా నిర్ణయించిన దారిలో పొలాలకు అడ్డంపడి వెళ్తారు. కొంత వ్యవధి ఇచ్చి, బారెడు చెవులు వేలాడే ఆ పెద్ద కుక్కలను వదులుతారు. నేల మీద ఏ మందూ చల్లరు, గుడ్డా ఈడ్వరు. ఆ మనిషి ఒంటి వాసనే జాడ. ఇంగ్లీషులో దీనిని ‘క్లీన్ బూట్’ అంటారు. చివరికి పరుగుమనిషిని పట్టుకున్నాక హౌండ్లు చేసేదల్లా ముందుకాళ్ళు అతని భుజాల మీద వేసి ముఖమంతా నాకడమే. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ కుర్రవాడు బురదలో వెల్లకిలా పడి రెండు చేతులతో ముఖం కప్పుకొని నవ్వుతున్నాడు. చుట్టూ చేరిన గుర్రాల వీపుల నుంచి ఆవిర్లు లేస్తున్నాయి.

మీకు అసలు ఉపయోగపడే సంగతి మరొకటి ఉంది. దారి ముందే నిర్ణయమై ఉంటుంది కనుక ఎక్కడ పరుగు, ఎక్కడ నడక, ఎక్కడ దూకవలసిన కంచెలు, వాటిని తప్పించుకునే దారి ఎటు అన్నది నిర్వాహకులకు ముందే తెలిసి ఉంటుంది, మీరు అడిగితే చెబుతారు. ఒక్కొక్క జాడ కొద్ది మైళ్ళు ఉంటుంది. రెండు జాడల మధ్య అందరూ ఆగుతారు, గుర్రాలు ఊపిరి తీసుకుంటాయి, మీరూ తీసుకుంటారు. ఆ విరామంలో ఇంటికి వెళ్ళిపోయినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. డ్రాగ్ హంటింగ్ అని మరొక రకం ఉంది. అక్కడా కృత్రిమమైన వాసనే, అక్కడా ప్రాణహాని ఉండదు, కాని ఫాక్స్‌హౌండ్లు ఆ ఘాటైన జాడ మీద చాలా వేగంగా పోతాయి, కంచెలు కూడా ఎక్కువ. దానిని రెండు మూడేళ్ళ తరువాత చూద్దురుగాని.

గుర్రం సంగతికి వద్దాము. మీకు అలవాటైన గుర్రమే దొరుకుతుండడం అదృష్టమే, కాని అది మీకు మైదానంలో అలవాటా, గుంపులో అలవాటా అన్నది చూసుకోవాలి. మందలో బతికే జంతువు గనుక, ముందున్నవి పరుగెత్తితే వెనుకబడడం ప్రమాదమని దాని నెత్తురు దానికి చెబుతుంది. నిరుడు మీ కింద ఉన్న గుర్రం చేసింది కూడా అదే. అది పొగరుతో చేసిన పని కాదు, మీ చేతకానితనమూ కాదు. అందుచేత గుర్రపుశాల వారిని సూటిగా అడగండి: ఇది ఇంతకుముందు హౌండ్ల వెంట వెళ్ళిందా? గుంపులో ముందుంటే నెమ్మదిగా ఉంటుందా, వెనుక ఉంటే నెమ్మదిగా ఉంటుందా? గేటు దగ్గర ఒంటరిగా నిలబడుతుందా? తంతుందా? మొదటి ప్రశ్నకే ‘లేదు’ అన్న సమాధానం వస్తే, అది ఎంత ముద్దొచ్చే గుర్రమైనా ఆ రోజుకు వద్దు. కొత్త గుర్రాన్ని పాత రౌతుతో, కొత్త రౌతును పాత గుర్రంతో పంపాలి గాని, ఇద్దరూ కొత్తవాళ్ళైతే ఒకరి బెదురు ఇంకొకరికి అంటుకుంటుంది. హంటింగుకు అలవాటుపడిన గుర్రాలను అద్దెకిచ్చే వాళ్ళు మీ జిల్లాలో ఉంటారు. వారి దగ్గర వయసు మళ్ళిన, నిదానమైన గుర్రాన్ని అడగండి, దానిమీద వేరే రోజుల్లో రెండు మూడుసార్లయినా తిరిగిన తరువాతే వేటకు బయలుదేరండి.

శరదృతువుకు ముందున్న ఆరేడు వారాలను వృథా చేయకండి. నలుగురైదుగురు స్నేహితులతో పొలాల్లోకి వెళ్ళి, ఒకరినొకరు దాటిపోవడం, ఒకరు ఆగి మిగతా వారిని ముందుకు పోనివ్వడం అభ్యాసం చేయండి. మొదట అందరూ నడకలోనే, గుర్రాలు విసుక్కోకుండా నిలబడిన తరువాత ట్రాట్‌లో, చివరికి కాంటర్‌లో. ఆరుబయట కాంటర్ మొదలుపెట్టేది ఎప్పుడూ ఎత్తు వైపుకే కావాలి, ఎగువకు పోయే గుర్రం దానంతట అదే నెమ్మదిస్తుంది. ఒంటి చేత్తో పగ్గాలు పట్టడం, గుర్రం మీదినుంచే గేటు గడియ తీసి వేయడం నేర్చుకోండి. చాలా గుంపులు వేసవిలో ఫన్ రైడ్‌లు పెడతాయి. జెండాలు పాతిన దారిలో ఎవరి వేగాన వారు తిరిగిరావచ్చు గనుక గుంపు సందడికి అలవాటుపడడానికి వాటిని మించిన మార్గం లేదు. అన్నిటికన్నా ముందు, ఒక రోజు గుర్రం లేకుండా, రబ్బరు బూట్లతో, కాలినడకన వెళ్ళి చూడండి. భయంలో సగం తెలియనితనమే. ఎవరు ఎక్కడ నిలబడతారో, గుర్రాలు ఎప్పుడు చిందులు తొక్కుతాయో, ఎంత సేపు ఊరికే ఆగి ఉంటారో కళ్ళారా చూస్తే మీ ఊహలో ఉన్న యుద్ధరంగం చాలా చిన్నదవుతుంది.

‘రౌతు కొద్దీ గుర్రం’ అన్న మన సామెతను భయపడే వాళ్ళను ఎత్తిపొడవడానికి వాడుతుంటారు గాని, అందులో శరీరానికి సంబంధించిన ఒక నిజం ఉంది. భయం వేయగానే మనిషి ఊపిరి బిగబడతాడు, తొడలు జీనును గట్టిగా నొక్కుతాయి, మడమలు పైకి లేస్తాయి, నడుము ముందుకు వంగుతుంది. గుర్రానికి ఈ సంజ్ఞలన్నిటికీ అర్థం ఒక్కటే: ‘పద.’ మీరు ఆపాలనుకుంటూనే పొమ్మని చెబుతున్నారన్న మాట. కాబట్టి సరిచేయవలసింది ముందుగా ఊపిరిని, ఊపిరిని వదిలించడానికి నాకు తెలిసిన తేలికైన ఉపాయం గొంతు విప్పడమే. మాట్లాడే మనిషి ఊపిరి బిగబట్టలేడు. నేను చిన్నప్పటి ఎక్కాలు పైకి చదువుతాను. ‘రెండొకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు’ అన్న లయ ట్రాట్ అడుగులకు చక్కగా సరిపోతుంది. మరీ బెదిరినప్పుడు పదమూడో ఎక్కం అందుకుంటాను, దానికి కొంచెం ఆలోచించాలి గనుక మనసు వేరే ఆలోచనలకు పోదు. పక్కన వెళ్తున్న ఇంగ్లీషువాళ్ళకు అది ఏ మంత్రమో అనిపిస్తుంది, అనుకోనివ్వండి.

గుర్రం మెడకు ఒక తోలుపట్టీ కట్టించుకోండి. నెక్ స్ట్రాప్ అని అడిగితే ఎక్కడైనా ఇస్తారు. తూలినప్పుడు చేతులు పగ్గాలను లాగకుండా దానిని పట్టుకుంటాయి, గుర్రం నోరు నొప్పి పుట్టకుండా ఉంటుంది. దానిని పట్టుకోవడం నామోషీ అనుకోవద్దు, ముప్పై ఏళ్ళుగా హౌండ్ల వెంట తిరుగుతున్న వాళ్ళ గుర్రాలకు కూడా ఆ పట్టీ చూశాను.

ఇక గుర్రం చెయ్యి దాటితే ఏం చేయాలన్న ప్రశ్న. రెండు పగ్గాలనూ ఏకబిగిన లాగి ఉంచడం అందరికీ తోచే పని, పనికిరాని పని. గుర్రం కళ్ళెం మీద బరువు ఆనించి ఇంకా గట్టిగా లాగుతుంది, ఆ లాగుడులో అది మీకన్నా ఎన్నో రెట్లు బలమైనది. నిటారుగా కూర్చొని, మడమలు దించి, పట్టి వదలడం, మళ్ళీ పట్టి వదలడం చేయాలి. చోటు ఉంటే పెద్ద చుట్టు తిప్పుతూ క్రమంగా చిన్నది చేయాలి, హఠాత్తుగా తిప్పితే గుర్రం కాలు జారుతుంది. అప్పటికీ ఆగకపోతే చివరి ఉపాయం ఒకటుంది. ఒక పగ్గాన్ని కురచగా పట్టి, ఆ పిడికిలిని మెడ మీద జూలులో గట్టిగా ఆనించాలి. రెండో చేత్తో రెండో పగ్గాన్ని పైకీ వెనక్కీ ఎత్తి, వెంటనే వదిలి, మళ్ళీ ఎత్తాలి. పుల్లీ రెయిన్ అంటే మీ శిక్షకురాలికి తెలుస్తుంది. దీనిని కంచె వేసిన మైదానంలో, ఆమె చూస్తుండగా, చేతులకు ఆలోచన అవసరం లేనంతగా సాధన చేయండి. ఇప్పుడున్నదానికన్నా బలమైన కళ్ళెం వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే, అది కూడా శిక్షకురాలితో మాట్లాడి, వేటకు ముందే పలుమార్లు వాడి చూడవలసిన విషయం. వేట ఉదయాన కొత్త కళ్ళెం తగిలించడం ప్రమాదకరం.

దూకలేకపోతే నవ్వుతారా అన్నారు. నవ్వరు, ఎందుకంటే దూకని వాళ్ళు మీరు ఒక్కరే ఉండరు. రౌతుల సమూహాన్ని ‘ఫీల్డ్’ అంటారు, దానిని నడిపించే మనిషి ఫీల్డ్ మాస్టర్. చాలా గుంపుల్లో దూకేవారికి ఒకరు, దూకనివారికి మరొకరు ఫీల్డ్ మాస్టర్లుగా ఉంటారు. రెండో సమూహం గేట్ల గుండా, పొలం అంచుల వెంట వెళ్తుంది. పిల్లలు, పెద్దవయసువారు, గాయాల నుంచి కోలుకుంటున్నవారు, కొత్త గుర్రాలను అలవాటు చేస్తున్నవారు అందులోనే ఉంటారు. వారం ముందే హంట్ సెక్రటరీకి ఫోను చేసి, మీరు కొత్తవారని, బెదురుతారని, దూకదలచుకోలేదని, తోడుగా ఒక నిదానస్తులను అప్పగించమని అడగండి. ఆ రోజుకు చెల్లించవలసిన రుసుమును (దీనిని ‘క్యాప్’ అంటారు) అప్పుడే తెలుసుకోవచ్చు. మీ స్నేహితురాలు దూకే సమూహంలో వెళ్ళే మనిషైతే, ఎంత ఆప్తురాలైనా ఆ రోజుకు ఆమె మీకు తోడు కాదు. ఆమె గుర్రం కంచె మీదుగా మాయమయ్యే క్షణాన మీ గుర్రం ఇటు ఉండిపోవడానికి ఒప్పుకోదు. మొదటి రోజు ఆమె మీతోపాటు గేట్ల దారిన రావడానికి సిద్ధపడితే సరే, లేదంటే వేరే తోడు వెతుక్కోండి.

మర్యాదలు చాలా ఉన్నాయి గాని, ప్రాణరక్షణకు సంబంధించినవి కొన్నే. ఫీల్డ్ మాస్టరును ఎన్నడూ దాటిపోకూడదు. ‘హోల్డ్ హార్డ్’ అన్న కేక వినబడితే ఉన్నచోట ఆగిపోవాలి. ముందు గుర్రానికి, మీ గుర్రానికి మధ్య ఒక గుర్రమంత దూరం ఉండాలి. తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటే ఆ గుర్రం తంతుందని, ఆకుపచ్చ రిబ్బను ఉంటే కొత్త గుర్రమని అర్థం. హౌండ్లు మీ పక్కగా వస్తుంటే గుర్రం తలను వాటి వైపు, పిరుదులను అవతలి వైపు తిప్పి నిలబడాలి. హౌండును గుర్రం తన్నడం కన్నా పెద్ద తప్పు ఆ లోకంలో లేదు. వాటిని కుక్కలు అని కూడా అనరు, లెక్కపెట్టేటప్పుడు జంటల్లోనే లెక్కపెడతారు. ఇరవై హౌండ్లుంటే పది జంటలన్న మాట.

గేటు వేయడానికి ఎవరైనా గుర్రం దిగితే, వారు మళ్ళీ ఎక్కేవరకు కనీసం ఒక్కరైనా ఆగి ఉండాలి. తోటివాళ్ళు ముందుకు పోతుంటే నిలబడే గుర్రం ఉండదు, ఒక కాలు రికాబులో, ఒక కాలు నేల మీద ఉన్న రౌతును అది ఈడ్చుకుపోగలదు. పొలం విషయం మాత్రం మీకు వేరే చెప్పనక్కరలేదు. అక్టోబరులో పచ్చగా గరిక మొలిచినట్టు కనబడేది చాలా చోట్ల విత్తిన గోధుమ. నారుమడిలో గొడ్డు పడితే రైతు కడుపు ఎలా రగులుతుందో తెలిసిన గోదావరి జిల్లా మనిషి మీరు. గట్టు వెంబడే వెళ్ళండి, దారిలో రైతు ఎదురైతే నెమ్మదించి, పలకరించి, కృతజ్ఞత చెప్పండి. వారి అనుమతి ఉంటేనే ఈ వేట నడిచేది.

దుస్తుల గురించి ఎక్కువ ఆందోళన అక్కరలేదు. శరదృతువు ఆరంభంలో ట్వీడు కోటు, చొక్కా, టై, లేత రంగు బ్రీచెస్ (స్వారీ ప్యాంటు), శుభ్రంగా తుడిచిన బూట్లు ఉంటే చాలు. నవంబరు మొదట్లో జరిగే ఓపెనింగ్ మీట్ (అసలు సీజను ఆరంభ సమావేశం) తరువాతనే నల్ల లేదా నీలం కోటు, మెడకు తెల్లని స్టాక్ కావాలి. ఆ స్టాకు గాయం తగిలితే కట్టుగా, విరిగిన చేతికి జోలెగా పనికివచ్చే పొడవాటి గుడ్డ, దానికి పెట్టే పిన్నును అడ్డంగా పెట్టడం పడినప్పుడు గొంతుకు గుచ్చుకోకుండా ఉండడానికే. ఖర్చు పెట్టవలసింది హెల్మెట్ మీద, శరీర కవచం మీద. నిరుడు పడిన రోజున మీ తలకు ఉన్న హెల్మెట్టే ఇంకా వాడుతుంటే వెంటనే మార్చండి, పైకి చిట్లకపోయినా లోపలి పొర ఒకసారి దెబ్బను మింగిన తరువాత రెండోసారి మింగలేదు. కవచం బీటా (బ్రిటన్‌లోని గుర్రపు సామగ్రి వ్యాపారుల సంఘం) లెవెల్ 3 గుర్తు ఉన్నదై ఉండాలి, కోటు మీద అది అందంగా ఉండదని ఎవరన్నా వినకండి. ఇతరులకు కలిగే నష్టానికి బీమా ఉందో లేదో, అది హంటింగుకు వర్తిస్తుందో లేదో చూసుకోండి. బ్రిటిష్ హార్స్ సొసైటీ గోల్డ్ సభ్యత్వంతో అటువంటి బీమా వస్తుంది, నిబంధనలు మాత్రం మీరే చదవాలి. సెల్‌ఫోను జీను సంచిలో కాకుండా మీ ఒంటి మీద జేబులో ఉండాలి, గుర్రం వెళ్ళిపోతే ఫోను కూడా దానితో వెళ్ళిపోకూడదు కదా.

ఆ ఉదయం ఖాళీ కడుపుతో బయలుదేరవద్దు. నేను జేబులో రెండు నువ్వుండలు పెట్టుకుంటాను, చలిలో, వణికే చేతులకు అంతకన్నా మంచి ఆహారం నాకు దొరకలేదు. ఆరంభంలో ట్రేలో చిన్న గ్లాసులతో పోర్టు వైను అందిస్తారు. బెదిరే వాళ్ళు ధైర్యం కోసం రెండు పుచ్చుకోవడం అక్కడ మామూలే. మీరు మాత్రం చిరునవ్వుతో వద్దనండి. భయం చెప్పే కబుర్లు ఆ రోజు మీకు స్పష్టంగా వినబడాలి, వాటిలో కొన్ని నిజమైన హెచ్చరికలు. అరగంట ముందే చేరి, గుర్రాన్ని గుంపుకు దూరంగా నడిపిస్తూ ఉండండి, నిలబెట్టి ఉంచితే దాని ఒంట్లో ఆరాటం పేరుకుంటుంది. గుంపుకు పెద్ద అయిన మాస్టరు కనబడితే ‘గుడ్ మార్నింగ్’ చెప్పండి. బయలుదేరిన పది పదిహేను నిమిషాలకు జీను పట్టీ మరో రంధ్రం బిగించాల్సి రావచ్చు, చూసుకోండి. మొదటి పరుగు మొదలయ్యేటప్పుడు గుర్రాలన్నీ ఒక్కసారిగా ఉబ్బి, తోకలెత్తి, అడ్డంగా నడవడం చూసి మీ గుండె జారిపోతుంది. అది సహజం. ఆ రోజంతటిలో కష్టమైన ఘడియ అదే. తోడుమనిషి పక్కన మోకాలికి మోకాలు తగిలేటంత దగ్గరగా వెళ్తూ, కళ్ళను గుర్రం చెవుల మధ్యగా దూరంగా నిలిపి, ఎక్కం మొదలుపెట్టండి. రెండో జాడకు గుర్రాలూ కుదుటపడతాయి, మీరూ కుదుటపడతారు.

మొదటి రోజు ఒక జాడ, మహా అయితే రెండు. అంతకు మించి ఉండవద్దని మీ తోడుకు, గుర్రం యజమానికి ముందుగానే చెప్పి ఉంచండి. రెండో జాడ బాగా జరిగి, మూడోదానికి కూడా ఉండిపోదామని మీకు బలంగా అనిపించవచ్చు. ఒళ్ళు అలసిపోయిన సంగతి మనసుకు ఆలస్యంగా తెలుస్తుంది. అలసిన రౌతు బరువు అలసిన గుర్రం వీపు మీద పడినప్పుడే చాలా ప్రమాదాలు జరుగుతాయి. కనుక ఇంకా ఉండాలనిపిస్తుండగానే బయలుదేరండి. బయలుదేరే ముందు ఫీల్డ్ మాస్టరు దగ్గరకు వెళ్ళి ‘గుడ్ నైట్’ అని చెప్పాలి. మిట్టమధ్యాహ్నం పన్నెండున్నర అయినా సరే, అక్కడి ఆచారం అదే. మీరు ఏ గుంతలోనో పడిపోయారేమోనని వాళ్ళు వెతుకుతూ తిరగకుండా ఉండడానికి ఆ మాట ఉపయోగపడుతుంది. మీరు వెనుదిరుగుతుంటే మీ గుర్రం మిగతా వాటికోసం సకిలించి మొండికేయవచ్చు గనుక ఒంటరిగా కాకుండా, వెళ్ళిపోతున్న మరొకరితో కలిసి బయలుదేరడం మంచిది.

గుర్రాన్ని తెచ్చిన లారీ దాకా నడకలోనే వెళ్ళండి. జీను దించిన తరువాత అరచేతిని గుర్రం రొమ్ము మీద, ముందుకాళ్ళ మధ్య ఆనించి చూడండి, అక్కడ వేడి తగ్గేవరకు దానిని నడిపించి, దుప్పటి కప్పి, నీళ్ళు పెట్టండి. ముళ్ళు గుచ్చుకున్నాయేమో కాళ్ళు తడిమి చూడండి. ఆ రాత్రి పడుకునే ముందు ఒక కాగితం మీద, ఏ గేటు దగ్గర ఊపిరి బిగబట్టారో, ఏ పొలంలో మీకు తెలియకుండానే వదిలారో రాసుకోండి. రెండోసారికి పేరు ఇచ్చే ముందు మీ శిక్షకురాలికి ఆ కాగితం చూపించి, ఏది సాధన చేయాలో ఆమెతోనే నిర్ణయించుకోండి.